జోలిలెకి ఒక సీటు

కాలా, ట్రాన్స్‌కై
30 జనవరి 1994

మరదలా వతీస్వా,

నీ క్రిస్మస్ ఉత్తరం మొన్న మంగళవారం చేరింది. క్రిస్మస్ శుభాకాంక్షలు జనవరి చివర్లో చదువుకోవడం మాకు అలవాటే. వానలు బాగానే పడ్డాయి, మొక్కజొన్న నడుమెత్తుకి వచ్చింది. నా మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. బడి నుంచి రిటైరయ్యాక పిల్లల్ని తిట్టే పని లేదు కదా, రోజూ అమ్మకీ నాకూ పోట్లాట.

అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్లో ఓట్లు, మన నల్లవాళ్ళకి మొట్టమొదటిసారి. అమ్మకి ఎనభై మూడేళ్ళొచ్చినా 'నీకేం కావాలి' అని ఏ ప్రభుత్వమూ అడిగిన పాపాన పోలేదు, ఇప్పుడు అడుగుతోందని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది. తెల్ల ప్రభుత్వం తరిమితే దేశం విడిచి వెళ్ళిన మనవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఓటు వెయ్యొచ్చని రేడియోలో చెప్పారు. అది విన్న క్షణం నుంచీ ఆవిడకి ఒకటే ధ్యాస.

"మరి జోలిలె ఓటు సంగతేమిటే?" అంది.

"అమ్మా, తమ్ముడు పోయి ఎనిమిదేళ్ళయింది," అన్నాను.

"నాకు తెలీదనుకున్నావా? బతికున్నవాళ్ళకి బస్సులు పెడతారు. పోయినవాణ్ణి ఎవరు తెస్తారు? ఆ పిల్ల ఎలాగూ ఓటుకి పోతుందిగా, వాణ్ణీ వెంట తీసుకెళ్ళమను. ఓటు చూపించి, ఆ పళాన ఇంటికి తెమ్మను."

నువ్వు మన సముద్రపు ఒడ్డు ఈస్ట్ లండన్ పట్నం పిల్లవి, మా పల్లె పద్ధతులు నీకెంతవరకు తెలుసో నాకు తెలీదు. పరాయి నేల మీద పోయినవాడు ఎవరైనా వచ్చి పిలిస్తే తప్ప అక్కణ్ణుంచి కదలలేడు. వాడు పోయిన చోటికే వెళ్ళి, రేగుకొమ్మ ఒకటి కోసి, వంశం పేర్లతో పిలిచి, ఆ కొమ్మని మనిషిని తెచ్చినట్టే ఇంటికి తెచ్చి, పోయిన పెద్దలుండే పశువుల దొడ్డిలో పెట్టాలి. లేకపోతే వాడికి ఇల్లు లేదు.

నిన్న పప్పులు ఏరుకుంటూ అమ్మ ఉన్నట్టుండి అంది: "నేను పోయేలోపు వాడు మన పశువుల దొడ్డిలోకి రాకపోతే, అటువైపు వెళ్ళి వాణ్ణి ఎక్కడని వెతకనే?" దీనికి జవాబు నువ్వు చెప్పు.

పదిహేనేళ్ళయింది నువ్వు మా ఇంటి కోడలివై. ఇప్పటిదాకా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఈ వంకనైనా రా.

నీ వదిన,
మిల్డ్రెడ్

•

మోంగు, జాంబియా
27 ఫిబ్రవరి 1994

మిల్డ్రెడ్ వదినకి,

నమస్కారాలు. అత్తయ్య ఊరంతా తిరుగుతున్నారంటే చాలా సంతోషం. నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుంటూ బాగానే ఉన్నాను. ఈ ఏడు నీలం గుడ్డ అంతా రంగు వెలిసేదే వచ్చింది, నా చేతులు ఎప్పుడు చూసినా నీలంగానే ఉంటున్నాయి.

ఓటు సంగతి మాకూ తెలిసింది. మోంగులో మనవాళ్ళం ఏడుగురం మిగిలాం. ఓటు లుసాకాలో, ఆరువందల కిలోమీటర్ల దూరం. దాని మీద మొన్న ఆదివారం మా ఇంట్లో మీటింగు పెట్టాం. మీటింగంటే అరుపులు. లెక్కల మేష్టారు త్లాలె గారు ఉన్నారే, డెబ్బై దాటిన మనిషి, ముందురోజు వెళ్ళి ఓటేసి మర్నాడు వచ్చేద్దాం, పాఠాలు పోతాయి అన్నాడు. నర్సు పర్ల్ ఒంటికాలి మీద లేచింది.

"ఇన్నేళ్ళుగా మనం చేసిన ప్రయాణాలన్నీ ఏడుస్తూ చేసినవే మేష్టారూ. అడవిలో దాక్కుంటూ, లారీల కింద పడుకుంటూ. ఈ ఒక్కటీ నవ్వుకుంటూ చేద్దాం. గిన్నెలు పట్టుకెళ్దాం, దారిలో కఫూయే నది ఒడ్డున ఆగి వండుకుందాం. లుసాకాలో ఐస్‌క్రీమ్ తిందాం."

"ఐస్‌క్రీమ్ తిని ఓటేస్తే చెల్లుతుందా?" అని ఆయన సీరియస్‌గానే అడిగాడు. ఇక నవ్వలేక చచ్చాం. మిషన్ బడి వ్యాను అడిగి పెట్టుకున్నాం. కోడి ఎవరు వేయించాలి, బూరెల పిండి ఎవరు పులియబెట్టాలి అని ఇప్పటికే రెండు తగాదాలయ్యాయి.

జోలిలె విషయం. వదినా, కొమ్మ కొయ్యాల్సింది ఇంటి మగపెద్ద కదా? నేను ఆడదాన్ని, వంశం పేర్లు కూడా సరిగ్గా రావు. తప్పు జరిగితే? పైగా ఏప్రిల్లో ఇక్కడ వరద. జాంబేజీ నది ఊళ్ళని మింగేసి ఆ కొస నుంచి ఈ కొసకి సముద్రంలా ఉంటుంది, సమాధుల వైపు దారి కూడా బురద. ఇంకో ఏడాది ఆగి, మీలో ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే పద్ధతిగా ఉంటుందేమో అత్తయ్యని అడగండి.

మీ వతీస్వా

•

కాలా
20 మార్చి 1994

మరదలా,

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఐస్‌క్రీమ్ దగ్గర అమ్మ నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"ఇంకో ఏడాదా? ఏడాది తన చేతిలో ఉందా, నా చేతిలో ఉందా?" అంది. "మగపెద్దట! మగపెద్దలందరూ గనుల్లో దుమ్ము మింగి ముందే పోయారు. వాణ్ణి కడిగింది ఎవరు? కళ్ళు మూసింది ఎవరు? తనేగా రాసింది. కడిగిన చేతులకి పిలిచే హక్కు లేకపోతే ఇంకెవరికుంది?"

కాబట్టి తప్పించుకోకు. పద్ధతి రాస్తున్నాను, మా ఆఖరి బాబాయి పోయేముందు చెప్పినట్టే. సమాధి దగ్గర నిలబడి వంశం పేర్లతో పిలు: రాదెబే, బుంగానే, మ్తిమ్కులూ. 'నిన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాను' అని చెప్పి కొమ్మ కొయ్యి. ఆ తర్వాత నువ్వు ఎవరితోనూ మాట్లాడకూడదు, వాడితో తప్ప. వ్యానులో వాడికో సీటు ఉంచు, కొమ్మ దాని మీద పెట్టు, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వకు, సంచులు పెట్టనివ్వకు. దారి మలుపు తిరిగితే చెప్పు, ఆగితే చెప్పు. అన్నిటికన్నా ముఖ్యం, నది వస్తే చెప్పు. 'నది వచ్చింది, దాటుతున్నాం' అని. చెప్పకపోతే నది దగ్గర ఆగిపోతాడు.

ఓటయ్యాక కొమ్మని నీ ఇంట్లోనే ఉంచు. నీ ప్రయాణం కాగితాలు రాగానే వాణ్ణి తీసుకుని రా.

నువ్వు పంపిన సమాధి ఫోటో గోడ మీదే ఉంది. ఎనిమిదేళ్ళుగా అమ్మ పొద్దున్నే లేచి మొదట దాన్నే పలకరిస్తుంది. 'పాపం, పిల్లవాడికి అక్కడ నీడైనా ఉంది' అని పక్కనున్న ఆ రేగుచెట్టుని చూసి మురుస్తుంది.

మిల్డ్రెడ్

•

మోంగు
30 ఏప్రిల్ 1994

మిల్డ్రెడ్ వదినకి, అత్తయ్యకి,

అయింది. అందరం ఓటేశాం.

మీరు చెప్పినట్టే చేశాను. ఇరవై నాలుగు ఆదివారం తెల్లవారగానే సమాధి దగ్గరికి వెళ్ళి పిలిచి, ఆ చెట్టు నుంచే కొమ్మ కోసి, తెల్లగుడ్డలో చుట్టి వ్యాను ఎక్కాను. కిటికీ పక్క సీటు జోలిలెది. పర్ల్ చూసి మెల్లిగా తన కోడి గిన్నె తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆరువందల కిలోమీటర్లూ అలాగే మోసింది పాపం. త్లాలె గారు ముప్ఫై ఏళ్ళ కిందటి సూటు ఇస్త్రీ చేయించుకుని, టై కట్టుకుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. వ్యాను ఎక్కగానే టోపీ తీసి ఆ సీటుకి వంగి నమస్కారం పెట్టాడు. "మీ ఆయనతో చదరంగం బాకీ ఉంది, నేనే గెలిచేవాణ్ణి," అన్నాడు నాతో. నేను మాట్లాడకూడదు కదా, తల ఊపాను.

నన్ను మాట్లాడించాలని వాళ్ళు పడ్డ తంటాలు చూడాలి మీరు! "వతీస్వాని తిడితే పలకదు, ఇదే సమయం," అని పర్ల్ పదేళ్ళ పాత తగాదాలన్నీ తవ్వింది. నేను కుట్టిన గౌనులో తనకి ఊపిరాడలేదని, పెళ్ళిలో నేను పాడితే కుక్కలు పారిపోయాయని. అందరూ పడీ పడీ నవ్వడం. పాటలు, చప్పట్లు. దారిలో ఏనుగులు అడ్డొస్తే డ్రైవరు ఆపాడు, "ఓటేసి వస్తున్నాయేమో" అన్నారెవరో. నిజంగానే పెళ్ళివారి వ్యానులా ఉంది.

ఒక వింత. దారి పొడుగునా నా పక్క సీటు వైపు నుంచి పొగాకు వాసన. జోలిలె జన్మలో పొగాకు ముట్టలేదు, మీకూ తెలుసు. ముందు సీట్లో ఉన్న త్లాలె గారి కోటు వాసనే అయ్యుంటుంది.

కఫూయే వంతెన దాటాక ఒడ్డున ఆగి వండుకున్నారు. నాకు ఎండకి తల తిరిగి వ్యానులోనే కూర్చున్నాను.

సోమవారమంతా లుసాకా చూశాం, ఐస్‌క్రీమ్ తిన్నాం. మంగళవారం పొద్దున్నే ఓటు. నేను కొమ్మతో వెళ్తే గేటు దగ్గర ఆఫీసరు ఆపాడు, మనవాడే, నెరిసిన జుట్టు. గుడ్డలోంచి ముల్లు బయటికి రావడం చూసి, "ఎవరు?" అని మెల్లిగా అడిగాడు. నేను పలకలేదు. పక్కనుంచి పర్ల్ "భర్త" అంది. ఆయన దారి ఇచ్చి, "ఆయన్ని కాగితాలు అడగంలే. వెళ్ళమ్మా, ఇద్దరూ వెళ్ళండి," అన్నాడు.

చేతి మీద ఏదో సిరా చల్లారు, కంటికి కనిపించదు. నీలం దీపం కింద పెడితే మాత్రం వెలుగుతుంది. త్లాలె గారు బయటికొచ్చి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ముప్ఫై ఏళ్ళు కాచుకుంటే చూపించుకోడానికి మచ్చైనా లేదేమిటమ్మా," అని ఏడ్చేశాడు. తర్వాత అందరం ఏడ్చాం.

కొమ్మ ఇప్పుడు నా ఇంట్లో కుర్చీ మీద ఉంది. రోజూ పలకరిస్తున్నాను.

మీ వతీస్వా

•

కాలా
1 మే 1994

మరదలా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

బుధవారం అమ్మ ఓటేసింది. ట్రాక్టరు తొట్టిలో కుర్చీ వేసి తీసుకెళ్ళాం, పెళ్ళికూతురిలా కూర్చుంది. ఆరు గంటలు లైన్లో ఉంది, ముందుకి పంపిస్తామంటే ఒప్పుకోదు. "ఇన్నాళ్ళు నిలబడ్డాను, ఈ పూట నిలబడలేనా?" అంది. అంతా బాగానే జరిగింది, కానీ ఇంటికొచ్చాక ఆవిడ ముఖంలో కళ లేదు.

అడగ్గా అడగ్గా చెప్పింది. ఆదివారం రాత్రి నుంచి ఒకటే కల. పొయ్యి పక్కన, తన చాప మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడట. ఎవరో తెలీదు. పైపులో పొగాకు కూరుకుంటూ, చుట్టాలింటికి వచ్చినవాడిలా మొహమాటంగా ఉన్నాడట. 'ఎవరు బాబూ నువ్వు?' అంటే, 'పిలిచారు, వచ్చాను,' అంటాడట. ఇటు చూస్తే దొడ్డి గేటు దగ్గర జోలిలె. ఒళ్ళంతా తడిసి ఉంది. బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. రారా లోపలికి అని ఈవిడ అరుస్తుంటే అడుగు ముందుకు వెయ్యడట. 'తలుపు దగ్గరికి రావద్దన్నారమ్మా,' అంటాడట.

వరసగా ఏడు రాత్రులు. పొద్దున లేచి గేటు దగ్గర నేల తడిగా ఉందేమో చూసి వస్తోంది. నాకు భయంగా ఉంది వతీస్వా. వాడు జ్వరంతో మంచం మీద పోయాడు కదా, ఒళ్ళు తడవడం ఏమిటి? ఎవరీ ముసలాయన? నీకేమైనా తెలుసా?

మిల్డ్రెడ్

•

మోంగు
22 మే 1994

మిల్డ్రెడ్ వదినకి,

మీ ఉత్తరం చదివాను. 'తలుపు దగ్గరికి రావద్దన్నారు' అన్నది నా మాట. ఆ మాట ఈ భూమ్మీద నాకూ జోలిలెకీ తప్ప ఎవరికీ తెలీదు.

జోలిలె జ్వరంతో పోలేదు. నేను కడగలేదు. కళ్ళు మూయలేదు. నేను మీకు ఎనిమిదేళ్ళుగా అబద్ధం చెబుతున్నాను.

86 మార్చిలో, వరద నిండుగా ఉన్నప్పుడు, మేమిద్దరం పోట్లాడుకున్నాం. అత్తయ్యకి ఒంట్లో బాగాలేదని ఎవరో చెప్పారు. దొంగతనంగానైనా సరిహద్దు దాటి వెళ్ళి చూసొస్తానన్నాడు. పట్టుకుంటారు, చంపుతారు అన్నాను. రాత్రంతా అమ్మ, అమ్మ అని ఒకటే పాట. పొద్దున్నే నేను విసిగిపోయి అరిచాను: "పో! మీ అమ్మ దగ్గరికే పో. మళ్ళీ ఈ తలుపు దగ్గరికి రాకు." అవతలి గట్టున కలాబోలో ఒక స్నేహితుడున్నాడు, అక్కడికి పోతానని పడవ ఎక్కాడు. ఆ రోజే పడవ మునిగింది. శరీరం దొరకలేదు. నేను రేవు వైపు వెళ్ళలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ రేవు చూడలేదు.

జోలిలె పోయాడని మాత్రమే మీకు రాశాను, అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. ఎవరు కడిగారు, కళ్ళు ఎవరు మూశారు, తల ఎటు పెట్టారు, పక్కన చెట్టుందా అని అత్తయ్య అడిగారు. నాలుగు ప్రశ్నలకీ 'తెలీదు' అని ఒక తల్లికి రాయలేకపోయాను. కడిగాను అని రాశాను. ఒక్కటి రాశాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. మిషన్ బడి వెనక ఎవరిదో పేరులేని సమాధి దిబ్బ ఉంటే, చెక్క మీద జోలిలె పేరు రాసి పాతి ఫోటో తీయించాను. ఫోటో అయ్యాక చెక్క పీకేశాను.

ఏప్రిల్లో నేను పిలిచింది ఆ దిబ్బ దగ్గర. కొమ్మ కోసింది ఆ దిబ్బ పక్క చెట్టు నుంచి. మీ వంశం పేర్లతో ఎవర్ని పిలిచానో నాకు తెలీదు. ఊరికే కొమ్మే కదా, అత్తయ్య మనసు కుదుటపడుతుంది కదా అనుకున్నాను. కఫూయే వంతెన మీద 'నది వచ్చింది' అని చెప్పబోతే నోరు పెగల్లేదు. నది అనే మాట జోలిలె పేరు పక్కన నా నోట రాలేదు. అందరూ ఒడ్డున తిని ఆడుకుంటుంటే నేను వ్యాను దిగలేదు. ఎండ కాదు.

మీ ఉత్తరం వచ్చాక మిషన్ కాపలావాణ్ణి అడిగాను, ఆ దిబ్బ ఎవరిదని. నాటు పొగాకు అమ్ముకుంటూ ఊరూరా తిరిగే ముసలాయనట. మలావీ మనిషి. పేరు చిసాలె.

కుర్చీ మీద కొమ్మ అలాగే ఉంది. రాత్రిళ్ళు ఇంటి నిండా పొగాకు వాసన. ఆయన్ని చూసి భయం కాదు వదినా, సిగ్గేస్తోంది. అత్తయ్యకి చెబుతారో లేదో మీ ఇష్టం. నన్ను మీరేమన్నా పడతాను.

వతీస్వా

•

కాలా
12 జూన్ 1994

వతీస్వాకి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించడానికి నాకు మూడు రోజులు పట్టింది. నా ఇంట్లోకి, మా నాన్న పొయ్యి దగ్గరికి, ఎవరో దారిన పోయే మనిషిని మా పేర్లతో పిలిచి కూర్చోబెట్టావు. నా తమ్ముణ్ణి ఎనిమిదేళ్ళు నీళ్ళలో వదిలేశావు. నేను టీచరుగా ఉన్నప్పుడు అబద్ధమాడిన పిల్లల్ని అరగంట నిలబెట్టేదాన్ని. నిన్ను ఎన్నేళ్ళు నిలబెట్టాలో తెలీడం లేదు.

అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున దొడ్డి గేటు పట్టుకుని చాలాసేపు నిలబడి, లోపలికొచ్చి అంది:

"మొగుణ్ణి పొమ్మనని ఆడదెవరే? మీ నాన్నని నేను ఎన్నిసార్లు అనలేదు! నా గుమ్మం ముందు నది లేదు, అంతే తేడా."

గోడ మీద ఫోటో నేను పీకెయ్యబోతే చెయ్యి పట్టుకుంది. "ఎనిమిదేళ్ళుగా రోజూ పలకరించాను ఆయన్ని. ఇప్పుడు ముఖం తిప్పుకుంటే ఏమనుకుంటాడు? ఆయనకీ ఎక్కడో తల్లి ఉండే ఉంటుంది," అంది.

ఆవిడ చెప్పమన్నది ఇది. మొదట ఆ పెద్దమనిషి కొమ్మని ఆయన దగ్గరికే తీసుకెళ్ళి, పొరపాటున పిలిచామని క్షమాపణ అడుగు, ఉత్త చేతులతో వెళ్ళకు. తర్వాత రేవుకి వెళ్ళు. ఆ పడవలో ఉండి బతికినవాళ్ళెవరో అడుగు. అడగకుండా ఉన్నదే నీ అసలు తప్పు, అబద్ధం దాని పిల్ల. చోటు కనుక్కుని, నా కొడుకుని అక్కడ పిలు. నువ్వన్న మాట నువ్వే వెనక్కి తీసుకో. ఇంకెవరు తీసుకున్నా చెల్లదు.

అమ్మ క్షమిస్తే క్షమించింది. నేనింకా క్షమించలేదు.

మిల్డ్రెడ్

•

మోంగు
17 జూలై 1994

మిల్డ్రెడ్ వదినకి, అత్తయ్యకి,

చిసాలె గారిని ఆయన చోటికి చేర్చాను. మంచి పొగాకు కట్ట ఒకటి పట్టుకెళ్ళి దిబ్బ మీద పెట్టి, 'తాతా, మిమ్మల్ని తప్పుగా పిలిచాను' అని చెప్పాను. త్లాలె గారూ వచ్చాడు. "మీ దేశంలో కూడా మేలో ఓట్లు పడ్డాయి తాతా, మీరేమో మా ఓటుకి వచ్చారు," అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఈసారి చెక్క మీద ఆయన పేరే రాసి పాతాను. ఆ రాత్రి నుంచి ఇంట్లో వాసన లేదు.

వరద తగ్గిపోయింది. మొన్న శనివారం రేవుకి వెళ్ళాను. పోట్లాట సంగతీ, కొమ్మ కోసిన చోటు సంగతీ అందరికీ చెప్పేశాను, పర్ల్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తీరా బయలుదేరే వేళకి గిన్నెలు మూటగట్టుకుని రేవులో నిలబడి ఉంది. "మొదటి పిక్నిక్‌కి రావలసిన మనిషి రాలేదుగా," అంది.

పడవ నడిపే ఇన్యాంబో ఆ రోజు బతికినవాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "నువ్వు ఈ వైపే రాకపోతే, వినడం ఇష్టం లేదేమో అనుకున్నానమ్మా. ఎనిమిదేళ్ళుగా ఈ మాట మోస్తున్నాను," అన్నాడు.

వదినా, పడవ మునిగింది పోయేటప్పుడు కాదు. వచ్చేటప్పుడు.

పొద్దున అవతలి గట్టుకి చేరి, గంటసేపు చెట్టు కింద కూర్చుని, కలాబో వెళ్ళకుండా అదే పడవలో మధ్యాహ్నం తిరుగు ప్రయాణం ఎక్కాడట. ఏం, పని కాలేదా అని ఇన్యాంబో అడిగితే, "ఇంట్లో తిట్టి పంపింది. అయినా పొయ్యి మీద నా వాటా ఉంచే ఉంటుంది," అని నవ్వాడట. గట్టు కనిపిస్తుండగా సుడి తిప్పేసింది.

ఉంచాను వదినా. మూడు రోజులు ఉంచాను. పులిసిపోయాక పారేశాను.

ఇన్యాంబో పడవ ఆపి చోటు చూపించాడు. ఇప్పుడక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి, తామరాకులు కూడా ఉన్నాయి. లేచి నిలబడ్డాను. పర్ల్ నా నడుము పట్టుకుంది. రాదెబే, బుంగానే, మ్తిమ్కులూ, జోలిలే అని పిలిచాను. గొంతు చిరిగిపోయేలా పిలిచాను. "రావద్దన్నది నేనే. ఆ మాట తప్పు. తలుపు దగ్గరికి రా," అన్నాను. గట్టు మీద రేగుచెట్టు నుంచి కోసి తెచ్చుకున్న కొమ్మని నీళ్ళలో ముంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి నోరు పెగిలింది. "నది వచ్చింది జోలిలే, దాటుతున్నాం," అన్నాను. గట్టుకి చేరేదాకా అంటూనే ఉన్నాను.

ఒడ్డున పర్ల్ వండింది. జోలిలె వాటా వేరే పళ్ళెంలో పెట్టింది. ఈసారి నేనూ తిన్నాను.

ఇంటికొచ్చి, ముందు నేను తలుపు తీసి, పక్కకి జరిగి నిలబడ్డాను. కొంతసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళాం.

కుర్చీ కింద నేల ఆ రోజు నుంచీ తడిగా ఉంది. కొమ్మ నుంచి కారిన నీళ్ళేనని పర్ల్ అంటుంది. అంత నీళ్ళు ఆ కొమ్మలో లేవు. తుడిచి ఆరబెడుతున్నాను. నాకు భయం లేదు.

మీ వతీస్వా

•

కాలా
7 ఆగస్టు 1994

నా కోడలు నోన్యానిసోకి,

నేను చెబుతుంటే మిల్డ్రెడ్ రాస్తోంది. ముక్కు చీదుకుంటూ రాస్తోంది, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు.

మా ఇంటికి వచ్చిన కోడలికి అత్తగారు కొత్త పేరు పెట్టాలి. నువ్వు ఇంటికి రానేలేదు కాబట్టి పదిహేనేళ్ళు పుట్టింటి పేరుతోనే మిగిలిపోయావు. ఇప్పుడు పెడుతున్నాను. నోన్యానిసో అంటే సత్యం తల్లి. ఎనిమిదేళ్ళు అబద్ధమాడినదానికి ఈ పేరేమిటని మీ వదిన మూతి ముడిచింది. పిలిచినప్పుడల్లా గుర్తుండాలనే పెట్టానే, అని చెప్పాను. నీకూ అదే చెబుతున్నాను.

నువ్వు పిలిచానన్న ఆ శనివారం నుంచి నాకు కల రాలేదు. మొదట భయమేసింది, ఆ తడిసిన ముఖం కూడా ఇక కనిపించదేమోనని. గేటు దగ్గరికి వెళ్ళి చూసొచ్చాను. నేల పొడిగా ఉంది. నీ ఉత్తరం వచ్చాక అర్థమైంది. వాడు అక్కడ లేడు, నీ దగ్గరున్నాడు.

వాడు తిరిగొస్తున్నాడన్న మాట రోజూ చదివించుకుంటున్నాను. పొయ్యి మీద వాటా మాట కూడా. చిన్నప్పుడు నా మీద అలిగి పోయినా అన్నం వేళకి వచ్చేవాడు.

కాగితాలు ఎప్పుడొస్తాయో కనుక్కో. రెండు సీట్లు తీసుకో. ఆ పర్ల్ అనే పిల్లకి చెప్పు, వాడి సీటు మీద కోడి గిన్నె పెట్టనందుకు ముసలామె దణ్ణం పెట్టిందని. మధ్యలో నదులు చాలా ఉన్నాయి, మిల్డ్రెడ్ మ్యాపు చూసి వాటి పేర్లు ఈ కాగితం వెనక రాసింది. కఫూయే దగ్గర మొదలుపెట్టు. ఒక్కటీ వదలకుండా ప్రతి నదికీ వాడికి చెప్పు.

బయలుదేరేటప్పుడు 'ఇంటికి పోతున్నాం' అని చెప్పాలి, అది పద్ధతి. గట్టిగా చెప్పు. వాడికి ఒక్కసారి చెబితే చాలు, నీకు వినపడేదాకా చెప్పుకో.

మీ అత్త

(ఆవిడ వేలిముద్ర కింద ఉంది. సిరా నాదే, కనిపించేదే. నేను టీ పెట్టి ఉంచుతాను, రా. — మిల్డ్రెడ్)